స్లైడ్ ఒకటి చెప్పింది, జెల్ రెండు చూపించింది

మన్యం నుంచి మా ల్యాబ్‌కి వచ్చే మలేరియా శాంపిల్ అంటే ఫిల్టర్ పేపర్ మీద ఎండిపోయిన నెత్తుటి చుక్క. దాంట్లోంచి పంచ్‌తో చిన్న బిళ్ల కొట్టి డీఎన్ఏ తీస్తాం.

తర్వాత నెస్టెడ్ పీసీఆర్, అంటే డీఎన్ఏలో మాకు కావాల్సిన ముక్కకి విడతలుగా ఎన్నో కాపీలు తీసే పరీక్ష. 1993లో స్నూనూ బృందం ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ మాకు దిక్కు. పరాన్నజీవి 18ఎస్ రైబోసోమల్ జన్యువు మీద రెండు విడతలు. మొదట ప్లాస్మోడియం (మలేరియా పరాన్నజీవుల జాతి) అంతటికీ ఒకే జత ప్రైమర్లు (ఆ ముక్కని పట్టే చిన్న డీఎన్ఏ తునకలు), రెండోసారి ఒక్కో రకానికి వేరే జత. ముక్కల్ని పొడవు ప్రకారం విడదీసే జెల్ మీద ఫాల్సిపారం రకం గీత 205 బేస్‌పెయిర్ల (డీఎన్ఏ పొడవు కొలత) దగ్గర, ‘మలేరియే’ అనే రకానిది 144, వైవాక్స్‌ది 120. తొందరపడి వోల్టేజి పెంచే కుర్రాళ్లకి నేను పెట్టే చీవాట్లన్నీ దగ్గరదగ్గరగా ఉండే ఆ చివరి రెండు గీతల గురించే. ఇక మొదటి విడత ట్యూబుల మూత తీయడమే అసలు టెన్షన్, ఒకదాన్లోది ఇంకోదాన్లో పడుతుందేమోనని. డీఎన్ఏ బదులు నీళ్లు పోసిన కంట్రోల్‌లో గీత కనిపించిందా, ఆ బ్యాచ్ మొత్తం పారేయాల్సిందే.

మైక్రోస్కోపు కింద స్లైడ్ చూసి ఫాల్సిపారం అని రాసి పంపినవాటిలో కొన్ని జెల్ మీద వైవాక్స్ గీత కూడా చూపిస్తాయి. స్లైడ్ చూసినవాళ్లని నేనైతే తప్పుపట్టను. మైక్రోస్కోపులో కనిపించినంత మేర ఫాల్సిపారం ఉంగరాలే (రింగులు) ఉంటే ఒకటీ అరా వైవాక్స్ ఎవరి కంటపడుతుంది? కానీ రోగికి తేడా పెద్దది. ఫాల్సిపారం ఒక్కటే అయితే ఏసీటీతో (ఆర్టిమిసినిన్ కలిపిన మందులతో) పాటు ప్రైమాక్విన్ ఒక్క డోసు. వైవాక్స్ కూడా ఉంటే, అది కాలేయంలో దాక్కుంటుంది కాబట్టి, ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, అదీ జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం లేదని తేలాకే. లేదంటే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరం. అయితే మా రిపోర్టు వెళ్లేసరికి రోగి మందులు మింగేసి పొలం పనిలో ఉంటాడు. అందుకే పీసీఆర్ వచ్చింది కదా, ఇక మైక్రోస్కోపు ఎందుకు అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

మలేసియాలోని సరవాక్‌లో, కాపిట్ దగ్గర, స్లైడ్ మీద ‘మలేరియే’ రకం అనుకున్న కేసులు చాలా ఉండేవి. 2004లో బల్బీర్ సింగ్ బృందం ప్రచురించిన పరిశోధనలో 208 మంది మలేరియా రోగుల్ని పీసీఆర్‌తో చూస్తే ఒక్కరిలోనూ ఆ ‘మలేరియే’ రకం లేదు. 120 మందిలో కోతుల మలేరియా అయిన నోలెసి ఉంది. ప్రైమర్ లేని రకం జెల్ మీద కనిపించదు. అండమాన్ నికోబార్‌లోనూ నోలెసి బయటపడింది కాబట్టి ఆ ప్రైమర్లు కూడా తెప్పించమని ఇండెంట్ పెట్టాను. ఇంకా సంతకం కాలేదు.