కింద రైలు, పైన బస్సు

గోదావరికి ఇవతల కొవ్వూరులో ఉంటూ అవతల రాజమండ్రిలో పనిచేసేవాళ్లకి పొద్దున్నే ఒకటే ప్రశ్న. ఇవాళ రోడ్డా, రైలా? పేరు రాజమహేంద్రవరం అని మారి చాలా ఏళ్లయింది గానీ బస్సు కండక్టరు రాజమండ్రి అనే అరుస్తాడు, నేనూ అలాగే రాస్తా.

నేను ఎక్కువగా బండి మీదే వెళ్తాను, రోడ్ కం రైల్ బ్రిడ్జి మీద నుంచి. 1974లో అది వచ్చేదాకా కొవ్వూరులో బస్సెక్కి నేరుగా అవతలి ఒడ్డున దిగే వీల్లేదు, రైలో లాంచీయో ఎక్కాల్సిందే. కింద రైలు, పైన రోడ్డు. రైలు భాగం దాదాపు 2.8 కిలోమీటర్లయితే రోడ్డు 4.1 కిలోమీటర్లు ఉంటుంది. నది ఒకటే కదా, ఈ తేడా ఏంటని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ణి. రోడ్డు రైలు నెత్తి మీదికి ఎక్కాలి, మళ్లీ దిగాలి, ఆ ఎక్కుడు దిగుడు అంతా అదనం, అంతే.

పైన ట్రాఫిక్ ఆగినప్పుడు కింద గూడ్సు వస్తే భలే తెలుస్తుంది. ముందు హ్యాండిల్ సన్నగా వణుకుతుంది, తర్వాత కాళ్ల కింద రోడ్డు, ఆ తర్వాతే చప్పుడు. మొదటిసారి ఎక్కినవాళ్లు బ్రిడ్జి ఊగుతోందని కంగారు పడతారు, మనం పెద్ద అనుభవజ్ఞుల్లా ఏం కాదులెండి అంటాం. రైల్లో ఉంటే సరదా ఇంకొకటి. రాజమండ్రి వైపు ఊరు అప్పటికే ఒడ్డుదాకా కట్టేసి ఉండటంతో బ్రిడ్జి చివర్న లైను వంపు తిప్పాల్సి వచ్చింది. రైలు ఆ వంపులో ఒరుగుతుంటే కిటికీలోంచి మన రైలు మిగతా పెట్టెలు మనకే కనిపిస్తాయి.

దీనికి ముందు ఉన్నది హేవలాక్ బ్రిడ్జి, 1900లో మొదలై 1997దాకా రైళ్లు మోసింది. ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉంది. దాని బదులు పక్కనే కట్టిన ఆర్చ్ బ్రిడ్జే అందరూ ఫొటోలు తీసుకునేది, 28 కమాన్లు. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దాని మీద నా బండి వెళ్లదు.

2015లో నాలుగో బ్రిడ్జి వచ్చింది, అందరూ గామన్ బ్రిడ్జి అంటారు. వెడల్పు రోడ్డు, లారీలకి హాయి, ఊళ్లోకి రాకుండా దాటిపోయేవాళ్లకి ఇంకా హాయి. సమస్యల్లా మనం ఊళ్లోకే రావాలి! అది కాతేరు దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి రావడమంటే పెట్రోలు, టైము రెండూ దండగ. 2023లో మరమ్మతులకని రోడ్ కం రైల్ బ్రిడ్జి రోడ్డు మూసేసినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. కొన్నాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి చుట్టూ తిరిగాను. గాలి బాగుంటుంది, దూరమే బాగోదు. ఆఫీసులో రోజూ అదే సాకు చెప్పీ చెప్పీ చివరికి నాకే విసుగొచ్చింది.

ఇక మిగిలింది రైలే కదా అని పాసింజరు ఎక్కితే ఇంకో తమాషా. గోదావరి స్టేషన్లో దిగితే ఘాట్లు దగ్గర, మా ఆఫీసుకి నడిచిపోవచ్చు, బంగారం లాంటి ఏర్పాటు. కానీ వెనక ఎక్స్‌ప్రెస్ ఉందని కొవ్వూరులోనే పక్క లైన్లో పెట్టేశారు. అది దడదడమంటూ మమ్మల్ని దాటి బ్రిడ్జెక్కింది. నా ఎదురు సీటు మామ్మగారు గోదాట్లో వేయడానికి రూపాయి బిళ్ల అప్పటికే తీసి పట్టుకున్నారు. పావుగంట అలాగే పట్టుకుని కూర్చుని, "ఏం బాబూ, కదుల్తుందా, కొంగుకి కట్టేసుకోనా?" అన్నారు.