నా కంప్యూటర్ లెక్క తప్పిన వేసవి

ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అంటే శాస్త్రవేత్తల లెక్కలను ఇంటర్నెట్ ద్వారా జనం కంప్యూటర్లకు పంచి చేయించే ప్రాజెక్టు. మే నెలలో అందులోని నా ఖాతాలో, నా కంప్యూటర్ చేసి పంపిన ఒక పని పక్కన ‘చెల్లదు’ అని కనిపించింది. వారం తిరిగేసరికి అలాంటివి పదకొండయ్యాయి. ప్రాణం ఉసూరుమంది. 2010లో ఇలా జనం ఇచ్చిన కంప్యూటర్ల మీదే కొత్త పల్సార్ (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్రం) దొరికిందని చదివి చేరినవాణ్ణి నేను. పంపే జవాబుల్లో ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు.

అయితే పనులు పంచే సర్వర్ ఎవరి మంచితనాన్నీ లెక్కలోకి తీసుకోదు. ఒకే పనిని ముక్కూమొహం తెలియని ఇద్దరికి పంపుతుంది. ప్రాసెసర్‌ను బట్టి చివరి దశాంశాలు మారవచ్చు కనుక కొద్ది తేడాను మన్నిస్తుంది. తేడా మరీ ఎక్కువైతే అదే పని మూడో కంప్యూటర్‌కు వెళుతుంది. నా పదకొండింటిలోనూ మూడో జవాబు అవతలివారితోనే కలిసింది. ఇక సందేహం ఏముంది, తప్పు నాదే. నా వల్ల ఇంకెవరి కరెంటో వృథా అవుతోందనిపించి, వెంటనే ‘కొత్త పనులు వద్దు’ అని పెట్టేశాను.

తర్వాత ప్రైమ్95 పరీక్ష నడిపాను. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి సరిచూస్తుందది. ఆరు నిమిషాలకే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల్లో ఒకటి, అంటే ఒక కోర్, తప్పు చెప్పి ఆగింది. అప్పటికి ప్రాసెసర్ వేడి 97 డిగ్రీలు.

మూత విప్పాను. అమలాపురంలో మా ఇంటి వెనకే కొబ్బరి పీచు మిల్లు. ఆ పొట్టు ఫ్యాన్ కింది రేకుల మధ్య చేరి, ఇక్కడి గాలి తేమకు అట్టలా బిగుసుకుపోయింది. గోటితో లాగితే గోధుమరంగు పెచ్చులుగా ఊడింది, నానిన డొక్కల వాసన వేసింది. దాని కింద, ప్రాసెసర్ వేడిని ఆ రేకులకు చేరవేసే పేస్టు ఎండి బీటలు వారింది. నాన్నగారు టార్చి పట్టుకున్నారు. “ధాన్యంలో తేమ చూసేటప్పుడు కూడా ఒక్క గుప్పెడు చూసి నమ్మరురా, ఇంకో బస్తాలోంచి తీస్తారు” అన్నారు. సర్వర్ చేసేదీ సరిగ్గా అదే.

కొత్త పేస్టు రాసి, రాత్రంతా పరీక్ష నడిపాను. 71 డిగ్రీలు దాటలేదు, ఒక్క తప్పూ రాలేదు. అయినా ఒకే ఒక్క పని తెచ్చుకున్నాను. పంపాక నాలుగు రోజులు రెండో జవాబు కోసం ఎదురుచూపే. ఐదో రోజు పొద్దున ‘సరిపోయింది’ అని వచ్చింది. నాన్నగారిని కేకేసి చూపించాను. మిల్లు వైపు కిటికీకి పలుచని గుడ్డ కట్టి, అప్పుడు కొత్త పనులకు ఒప్పుకున్నాను.