శాస్త్రి, కరణం: రెండింటికీ ఒకే గ్రీకు మాట

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం. ఎఫెసు పట్టణపు నాటకశాలలో జనం రెండు గంటలసేపు అర్తెమిదేవి పేరున కేకలు వేస్తూనే ఉన్నారు. వాళ్ళను సముదాయించడానికి ఒకాయన లేచాడు. మన తెలుగు బైబిల్ ఆయన్ని ‘కరణము’ అంది. సువార్తల్లో పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరుల పక్కన కనిపించే ధర్మశాస్త్ర పండితులనేమో ‘శాస్త్రులు’ అంది. గ్రీకులో ఇద్దరిదీ ఒకటే పేరు: గ్రమ్మతెయుస్.

గ్రమ్మ అంటే అక్షరం. అది ‘గ్రాఫో’ నుంచి పుట్టింది. గ్రాఫో అంటే రాయడం, తొలినాళ్ళలో గీకడం. కాబట్టి గ్రమ్మతెయుస్ అంటే అక్షరాల మనిషి, అంతే. అందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు.

‘కరణము’ అని రాసిన ఆ అనువాదకులకు ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊళ్ళో ఏ పొలం చెక్క ఎవరిదో చెప్పేది కరణం దస్త్రమే. చదువురాని విధవరాలు వేలిముద్ర వేసేచోట, ఆ ముద్రకు పైన ఏం రాసి ఉందో తెలిసినవాడు ఆ రాసినవాడొక్కడే. మార్కు 12:40లో, శాస్త్రులు విధవరాండ్ర ఇండ్లు దిగమింగుతున్నారని యేసు ప్రభువు అన్న మాట నాకు అలా తెలుగు ఊళ్ళోంచే అర్థమైంది.

కానీ ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రం నేర్పిన ఎజ్రా కూడా శాస్త్రే. పాత నిబంధన గ్రీకు అనువాదం ఆయనకూ ఇదే మాట వాడింది. ఎజ్రా 7:10 నెమ్మదిగా చదవండి. ధర్మశాస్త్రాన్ని పరిశోధించడానికి, దాని చొప్పున నడుచుకోవడానికి, ఇశ్రాయేలీయులకు నేర్పడానికి ఆయన దృఢనిశ్చయం చేసుకున్నాడు. ఆ వరస చూశారా? చదవడానికీ నేర్పడానికీ నడుమ నడక ఉంది. మత్తయి 23వ అధ్యాయంలో, “వారు చెప్పుదురే గాని చేయరు” అని ప్రభువు బాధపడింది ఆ నడిమి మెట్టు ఊడిపోయినందుకే. సండే స్కూల్ పిల్లల కోసం శనివారం రాత్రి పాఠం రాసుకుంటూ ఈ వచనం దగ్గర కలం ఆపేశాను. ఆ వారం ఒకరిని క్షమించాల్సి ఉండి క్షమించలేదు. పాఠమేమో క్షమాపణ గురించి.

యోహాను సువార్తలో శాస్త్రుల పేరు ఒక్కచోటే వస్తుంది, 8వ అధ్యాయంలో. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని తెచ్చి మధ్యలో నిలబెట్టారు. అలాంటివాళ్ళను రాళ్ళతో కొట్టాలని మోషే రాసింది వాళ్ళకు కంఠస్థం. యేసు వంగి, వేలితో నేలమీద రాయసాగాడు. సువార్తల్లో ఆయన రాస్తూ కనిపించేది ఇక్కడ మాత్రమే. ‘కతెగ్రఫెన్’ అంది మూలం. అందులోనూ అదే గ్రాఫో. అక్షరాల మనుషుల ఎదుట, మట్టిలో ఆయన వేలు! ఏం రాశాడో సువార్త చెప్పలేదు.

మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చు అన్నాడాయన. తెచ్చినవాళ్ళు, పెద్దవాళ్ళు మొదలుకొని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె మాత్రం అక్కడే నిలబడి ఉంది. “నేనును నీకు శిక్ష విధింపను” అన్నాడాయన.