పాట రాసింది ట్రేసీ చాప్‌మన్

2023 వేసవి. ఒహాయోలో కారు నడుపుతూ రేడియోలో కంట్రీ స్టేషన్ పెట్టాను. అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన పాటల బాణీ అది. గిటారు నాలుగు మీటలు మోగగానే పాట తెలిసిపోయింది. 'ఫాస్ట్ కార్'. గొంతు మాత్రం కొత్తది. నార్త్ కరొలైనా గాయకుడు ల్యూక్ కోమ్స్ పాడుతున్నాడు.

ఒక్క మాట కోసం చెవులు రిక్కించి విన్నాను. తాగుడుకు బానిసైన తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన అమ్మాయి కథ అది. ఊరు దాటితే బతుకు మారుతుందని నమ్మి, మార్కెట్లో బిల్లులు కొట్టే అమ్మాయిగా పనిచేస్తుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో రెండేళ్లు నేను చేసిన పనీ అదే. మగవాడు పాడుతున్నాడు కదా, ఆ 'అమ్మాయి'ని తీసేస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. ఉన్నది ఉన్నట్టే పాడాడు. కారు పక్కకు ఆపి మిగతా పాట విన్నాను.

కోమ్స్ చిన్నప్పుడు తండ్రి ట్రక్కులో విని ప్రేమించిన పాటట అది. అందుకే కాబోలు, తన ముద్ర వేయాలన్న తాపత్రయం ఎక్కడా కనబడదు.

ఈ పాట రాసి మొదట పాడింది క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ట్రేసీ చాప్‌మన్. ఆమె గొంతులో ఇది 1988లో, అమెరికాలో వారం వారం పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆరో స్థానం దాకా వెళ్లింది. కోమ్స్ పాడింది రెండో స్థానానికి చేరింది. అయితే నాకు అంతకన్నా ముఖ్యమైనది బిల్‌బోర్డ్ వాళ్లదే కంట్రీ ఎయిర్‌ప్లే చార్టు. కంట్రీ రేడియో స్టేషన్లు ఏ పాట ఎంత వేస్తున్నాయి, ఎంతమంది వింటున్నారు అన్నదే అక్కడి లెక్క. ఆ జులైలో పాట అక్కడ మొదటి స్థానానికి వచ్చింది. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో పాటను ముగ్గురు నలుగురు కలిసి రాయడం మామూలు. ఈ పాటకు మాత్రం రచయితగా ఒకే ఒక్క పేరు, ట్రేసీది. ఒంటరిగా రాసిన పాటతో ఆ చార్టులో అగ్రస్థానం అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమె. నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి ఉత్తమ గీతం పురస్కారాన్ని ఆమెకే ఇచ్చింది. అంతకు ముందు ఆ పురస్కారం నల్లజాతి రచయితల్లో ఎవరికీ రాలేదు. పాట విడుదలైన 35 ఏళ్ల తర్వాత! ఇంత ఆలస్యమెందుకయిందన్న బాధ నాలో ఇంకా ఉంది. కానీ ఆ పేరు చార్టులో చూసిన రోజు మాత్రం పొంగిపోయాను.

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలస్‌లో గ్రామీ సంగీత పురస్కారాల వేదిక. ట్రేసీ, కోమ్స్ కలిసి ఈ పాట పాడారు. తెర మీద మొదట గిటారు మీటుతున్న వేళ్లు, తర్వాత నెరిసిన జుట్టుతో నవ్వుతున్న ట్రేసీ ముఖం. ఆమె ఒంటరిగా పాడే చోట కోమ్స్ గొంతు కలపకుండా, పెదవులు మాత్రం కదుపుతూ ఆమెనే చూస్తున్నాడు. పాట అయ్యాక ఆమె ముందు వంగి నమస్కరించాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే ట్రేసీ పాడిన పాత పాట మళ్లీ హాట్ 100లోకి వచ్చింది.