పరసకు రాని ఆవు

"పాలెన్నిస్తుంది?"

కొట్టంలో అడుగుపెట్టగానే నోరు జారిన మొదటి ప్రశ్న అది. గడ్డిమోపు విప్పుతున్న పెద్దాయన అలాగే ఆగి నావైపు చూశారు. ఆయన కొడుకు, అంటే మా ఆఫీసులో నా పక్క సీటువాడు, నవ్వు కనబడకుండా ముఖం తిప్పుకున్నాడు. "దూడకు చాలేటన్ని ఇస్తాదప్పా" అన్నారాయన. నా ముఖం చూసి జాలేసిందో ఏమో, మిగిలితే పూటకో లీటరు ఇంట్లోకి వస్తుందని కూడా చెప్పారు. వాళ్ళది హళ్ళికార్, కర్ణాటక ఎద్దుల జాతి. హళ్ళికార్ ఆవును పాల చెంబుతో కొలవరు. దాని కడుపున పుట్టే కోడెతో కొలుస్తారు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలియాలి. పదేళ్ళ బెంగళూరు కాపురం, దేశీ ఆవువంటూ గాజుసీసాల్లో వచ్చే ఏ2 పాలు నన్ను అలా తయారుచేశాయి.

డిసెంబరు చివరి ఆదివారం, తెల్లవారక ముందే కోరమంగళ నుంచి బయల్దేరాం. అడుగోడి దగ్గర చీకట్లో పాత డైరీ పరిశోధన కేంద్రం గోడ కనిపించింది. రోజూ ఆ గోడ పక్కనే ఆఫీసు బస్సెక్కుతాను. 1923లో మొదలైన ఆ కేంద్రంలోనే 1927లో గాంధీగారు ఆవుల పెంపకం పాఠాలు నేర్చుకున్నారు. అంతకు ముందు ఆయన ఒంట్లో బాగాలేక విశ్రాంతి తీసుకున్న నంది కొండ, మేం వెళ్ళే వైపే ఉంది. హెబ్బాళ్, యలహంక, రాజానుకుంటె దాటి దొడ్డబళ్ళాపురం చేరేసరికి మంచు పలచబడింది. అక్కడ టీ కొట్టువాడు మావాడితో కన్నడంలో, నాతో తెలుగులో, లారీవాడితో తమిళంలో మాట్లాడి ముగ్గురి దగ్గరా ఒకటే రేటు పుచ్చుకున్నాడు.

వీళ్ళ ఊరు ఘాటి సుబ్రహ్మణ్యం దారిలో, మాకళిదుర్గం కొండ కనబడేంత దూరంలో ఉంది. ఇంట్లో తెలుగే. మావాడికి తెలుగు చదవడం రాదు, బడి కన్నడంలో సాగింది. వాళ్ళ తెలుగులో ఉన్నదంతా "ఉండాది", ఎక్కడికైనా "యాడికి". తిరునాళ్ళను "పరస" అంటారు. పుష్యమాసంలో స్వామి రథోత్సవం వస్తుంది కదా, దానికి ముందు జరిగే ఎద్దుల పరసకు ఒక జతను తోలుకుపోతున్నారని తెలిసి నేనూ వస్తానన్నాను. ముందు ఇంటికి, తర్వాత పరసకు అన్నది ఒప్పందం.

రెండో తప్పు కూడా వెంటనే చేశాను. మొత్తం ఎన్ని గొడ్లున్నాయని లెక్కపెట్టబోయాను. "లెక్క ఎయ్యొద్దు నాయనా" అని వెనక నుంచి గొంతు వినిపించింది. అవ్వ, పెద్దాయన తల్లి. ఎనభై దాటిన మనిషి, గోడవారగా గోనెపట్టా మీద కూర్చుని ఉలవలు చెరుగుతోంది. లెక్కపెడితే దిష్టి తగులుతుందట. అందుకే ఇక్కడ కూడా అంకె రాయడం లేదు.

హళ్ళికార్‌ను దగ్గర నుంచి చూడటం నాకదే మొదటిసారి. మా ఒంగోలు గిత్త అంటే తెల్లటి మేడ. పెద్ద మూపురం, ఊగే గంగడోలు, కురచ కొమ్ములు. ఇది అలా కాదు. బూడిద రంగు, సన్నటి ఒళ్ళు, పొడుగాటి ముఖం, నుదుటి మధ్య నిలువుగా చిన్న పల్లం. కొమ్ములు రెండూ నడినెత్తిన దగ్గర దగ్గరగా మొలిచి వెనక్కి సాగి, కొసన ముందుకు వంగుతాయి. తల ఎత్తితే మూపురానికి గుచ్చుకుంటాయేమో అనిపిస్తుంది. నిలబడి ఉన్నా ఇప్పుడో ఇంకాసేపట్లోనో పరుగెత్తేలా ఉంటుంది. పరుగే దీని చరిత్ర. మైసూరు ఒడయర్ల "వెన్న చావడి" మందలు టిప్పు కాలంలో "అమృత్ మహల్" అయ్యాయి. పేర్లలో వెన్నా అమృతం ఉన్నా వాటి ఎద్దులు లాగింది ఫిరంగి బళ్ళను. ఆ అమృత్ మహల్‌కు మూలం హళ్ళికారే. మేపిన వాళ్ళ కులం పేరే జాతికి వచ్చింది. 2000లో తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ళ కూడా వేసింది. పెద్దాయన దాన్ని అద్దం కట్టించి హాల్లో పెట్టారు.

ఆ హాలు గోడ నాకు బాగా గుర్తుంది. దాని నిండా ఎద్దుల ఫొటోలే. ముత్తాత పక్కన ఒక బీజం హోరి, తాత పక్కన ఇంకోటి, పెద్దాయన పక్కన మూడోది, దాని మెడలో పరస బహుమతి దండ. విత్తనానికి ఉంచిన ఆబోతును వీళ్ళు బీజం హోరి అంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎదకొచ్చిన ఆవును తోలుకొచ్చి దాటించుకుని పోతారు, అందుకు ఇంత అని తీసుకుంటారు. నాలుగు తరాలుగా ఇంటికి పేరు తెచ్చింది ఈ హోరే. పెద్దాయన గంటసేపు ఆ పేరు గురించే చెప్పారు.

వింటూ వింటూ అవ్వ చాట కింద పెట్టింది. "ఆవు యాడిది అని అడగవే?" అంది నాతో.

పెళ్ళయ్యేటప్పటికి అవ్వకు పదహారేళ్ళట. పుట్టింటివాళ్ళు అరణంగా ఒక పెయ్యను ఇచ్చారు. కొట్టంలో ఇప్పుడు బీజానికి నిలబెట్టే ఆవులన్నీ ఆ అరణపు పెయ్య కడుపు పంటే. అవ్వ వేళ్ళు మడుస్తూ ఆ వరుస చెప్పింది. అరణపుదానికి బొట్టావు, అది మా పెద్దోడు పుట్టిన ఏడు. బొట్టావుకు కరిమూతిది. దాని కూతురు ఈనింది ఇందిరాగాంధీ చనిపోయిన ఏడు. దాని మనవరాలు దేవనహళ్ళిలో ఇమానాలు దిగిన ఏడు. మధ్యలో పెద్దాయన ఒక పేరు తప్పు చెబితే, "అది మీ చిన్నాయన ఇంటికి పోయిందిరా, నువ్వప్పుడు బళ్ళో ఉండావు" అని సరిదిద్దింది. మనుషులవి నాలుగు తరాలు, ఆవులవి పదకొండు తరాలు. ఎక్కడా కాగితం లేదు. విమానాశ్రయం 2008లో మొదలైందని నేను ఫోనులో వెతికాను గానీ, ఆమెకు 2008తో పని లేదు. ఏ ఆవు ఎప్పుడు ఈనిందో తెలుసు.

ఇంటి కట్టుబాటు ఒకటే. ఆ వరుసలో పుట్టిన పెయ్యను అమ్మరు. కోడెదూడలన్నీ అమ్మకానికే. కరువొస్తే గడ్డి కొనడానికి మెడలో గొలుసు అమ్మిందట, పెయ్యను అమ్మలేదు. ఇంట్లో పుట్టిన హోరిని ఆ వరుస ఆవుకు దాటించరు, బీజం బయటి నుంచే రావాలి. నాకు నవ్వొచ్చిన సంగతేమిటంటే, అవ్వను తాతకిచ్చింది మేనరికమే. మనుషులకు చెల్లిన మేనరికం ఆ కొట్టంలో చెల్లదు.

ఈ బయటి బీజం దగ్గరే తండ్రీకొడుకులకు పేచీ. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వపు వీర్య కేంద్రం ఉంది, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన గొట్టాలతో పనైపోతుంది, హోరిని మేపే ఖర్చు ఎందుకంటాడు కొడుకు. "మొకం చూడకుండా సంబంధమా?" అంటారు తండ్రి. నిజానికి ఆయనది మొండితనం కాదనిపించింది. కోడె నడక, గిట్ట, కోపం కళ్ళతో చూసి ఎంచుకునే చదువు ఆయనది. కానీ కొడుకు బాధా అబద్ధం కాదు. ఊరి గోమాళంలో, అంటే పశువుల మేతకు వదిలిన నేలలో, ఇప్పుడు ఇళ్ళ సైట్లు వెలిశాయి, మేపు లేదు. రాగి గడ్డి కొంటున్నారు.

మధ్యాహ్నం పరస. ముందు గుడికెళ్ళాం. ఒకే రాతిలో తూర్పు ముఖంగా ఏడు పడగల సుబ్రహ్మణ్యుడు, పడమర ముఖంగా నరసింహుడు. నరసింహుడు అద్దంలో కనిపిస్తాడు. దర్శనం అరనిమిషం, నిలబడింది గంట.

బయట మైదానం మాత్రం వదిలి రాబుద్ధి కాలేదు. ఎద్దులకు షామియానాలు, కింద ఇసుక పరుపు, పైన రంగు దీపాలు. తమటె డప్పులు మోగిస్తూ జతలను ఊరేగించుకొస్తున్నారు. కొమ్ములు గీకి నూనె రాసి ఇత్తడి తొడుగులు వేశారు. పగ్గాలు, ముకుతాళ్ళు, మువ్వల పట్టీలు అమ్మే వరుసలో తెలుగు ఎంత వినిపించిందో కన్నడమూ అంత. హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన మా జత ముందు ఆగి, పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. నాలుగు పళ్ళు. సుడులు వెతికాడు. నడిపించమన్నాడు. ఆ తర్వాత దళారి తుండుగుడ్డ విదిలించి పెద్దాయన చేతి మీద కప్పాడు. కింద వేళ్ళు మాట్లాడుకున్నాయి. ఆయన తల అడ్డంగా ఊపారు, ఇతను మళ్ళీ పట్టాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నాం, ఒక్కరికీ ధర తెలియలేదు. మావాడు సాయంత్రం కారులో చెప్పాడు, నాలుగున్నర లక్షలని. 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చి పరసలు నిలిపేసిన ఏడు ఇలాంటి జతనే ఇంట్లో కట్టుకుని మేపారట.

ఫొటోలు తీసుకునేవాళ్ళంతా హోరిల చుట్టూనే. బ్రెజిల్ సంగతి గుర్తొచ్చింది నాకు. 1868లో మన తీరపు పశువులు సాల్వడార్ రేవులో దిగాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది కాబట్టి అక్కడ వాటికి "నెలోర్" పేరు స్థిరపడింది. ఆ జాతిలోని వియాటినా-19కి 2023 వేలంలో 43 లక్షల డాలర్ల విలువ కట్టారు. అది ఆవు! ఇదంతా పెద్దాయనకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "దాని తల్లి యాడిది?" అని అడిగారు. నాకు తెలియదు.

తిరుగుదారిలో యలహంక దగ్గర వాహనాలు కదల్లేదు. నాన్నకు ఫోను చేశాను. మా చివరి జతను ఏ సంతలో ఎంతకు అమ్మారో, కొన్నవాడిదే ఊరో, ఆ రోజు వాన కురిసిందో లేదో కూడా చెప్పారు. మరి మనింటికి ఆవు ఎక్కడి నుంచి వచ్చింది నాన్నా, అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏమోరా, మీ అమ్మనడుగు" అని ఫోను ఆమెకిచ్చారు.