నైసిన్‌ను గీసి చదవండి: సీఎస్ఐఆర్ నెట్ ప్రిపరేషన్‌లో ఒక అంశం

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. బ్యాక్టీరియా తయారుచేసే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్‌లను (సూక్ష్మజీవులను చంపే చిన్న అమైనో ఆమ్ల గొలుసులను) చాలామంది పేర్ల పట్టికగా బట్టీ పడుతుంటారు. నాలుగు మార్కుల పార్ట్-సి ప్రశ్నలకు ఆ పట్టిక అంతగా అక్కరకు రాదు కనుక, నేను ఈ అంశాన్ని నిర్మాణాలు గీస్తూ చదివాను.

ఏ పెప్టైడ్ ఎదురైనా అది రైబోజోమ్‌పై తయారైందా, రైబోజోమ్ లేకుండానే పెప్టైడ్‌లను కూర్చే ఎన్ఆర్‌పీఎస్ అనే భారీ ఎంజైమ్‌లపై తయారైందా అన్నది ముందు తేల్చుకోవాలి. నైసిన్, పీడియోసిన్, మైక్రోసిన్ జె25 మొదటి కోవకు, గ్రామిసిడిన్, పాలిమిక్సిన్, బాసిట్రాసిన్ రెండో కోవకు చెందుతాయి. డి-అమైనో ఆమ్లాలు (మామూలు ఎల్-రూపానికి అద్దంలో ప్రతిబింబం లాంటివి) కనిపిస్తే రెండో కోవ అని ఊహించడం సాధారణంగా సరిపోతుంది. అయితే లాక్టిసిన్ 3147 రైబోజోమ్‌పై తయారైనా, అందులో సీరీన్ నుంచి ఏర్పడిన డి-అలనీన్ ఉంటుంది. మినహాయింపులంటే ప్రశ్నపత్రం కూర్చేవారికి మక్కువ ఎక్కువ.

నేను ఎక్కువ సమయం నైసిన్‌కే ఇచ్చాను. లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా దీన్ని ముందుగా 57 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారుచేస్తుంది. అందులోని కొన్ని సీరీన్, త్రియోనిన్‌ల నుంచి నిస్‌బి ఎంజైమ్ నీటి అణువును తొలగిస్తే, అలా ఏర్పడిన ద్విబంధాలకు సిస్టీన్ గంధకాన్ని నిస్‌సి కలుపుతుంది. చివరకు 23 అమైనో ఆమ్లాల లీడర్ భాగాన్ని నిస్‌పి కోసివేసిన తరువాతే, మిగిలిన 34 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌కు సూక్ష్మజీవులను చంపే శక్తి వస్తుంది.

కాగితంపై 1 నుంచి 34 వరకు అంకెలు వేసి 3-7, 8-11, 13-19, 23-26, 25-28 స్థానాలను కలపండి. ఐదు వలయాలు వస్తాయి, చివరి రెండూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. మొదటి వలయం లాంథియోనిన్ (సీరీన్ నుంచి వచ్చిన గంధక వంతెన), మిగిలిన నాలుగూ మిథైల్ లాంథియోనిన్ (త్రియోనిన్ నుంచి వచ్చినవి). మొదటి రెండు వలయాలు, బ్యాక్టీరియా కణకవచానికి ముడిసరుకైన లిపిడ్-2లోని పైరోఫాస్ఫేట్‌ను చుట్టి పట్టుకుంటాయి. 20-22 మధ్య మలుపు తిరిగే భాగం ఉండటం వల్ల తోక కణత్వచంలోకి దిగి రంధ్రం చేస్తుంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టుకునేది లిపిడ్-2లోని డి-అలనీన్-డి-అలనీన్ కొసను కాబట్టి, ఆ కొస డి-లాక్టేట్‌గా మారిన బ్యాక్టీరియాలోనూ నైసిన్‌కు పట్టు దొరుకుతుంది.

పీడియోసిన్ పీఏ-1లో ఉన్నవి డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలు. డీటీటీ అనే క్షయకరణ రసాయనం కలిపితే అవి విడిపోతాయి గానీ, నైసిన్ వలయాలను కట్టే థయోఈథర్ (కార్బన్-గంధకం-కార్బన్) బంధాలు చెక్కుచెదరవు. ఈ తేడా ఒక్కటి పట్టుబడితే నాలుగు ఆప్షన్లలో రెండు వెంటనే పోతాయి.

ఇక మైక్రోసిన్ జె25లో 21 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మొదటి గ్లైసిన్, ఎనిమిదో గ్లుటామేట్ పార్శ్వశాఖతో అమైడ్ బంధం కట్టి వలయమవుతుంది, తోక ఆ వలయంలోంచి సూదిలోకి దారం ఎక్కించినట్టు దూరుతుంది. 19, 20 స్థానాల్లోని ఫినైల్ అలనీన్, టైరోసిన్ వలయానికి చెరోవైపు అడ్డుపడి తోకను జారనివ్వవు. ఇది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి ఈ.కోలి వంటి కణాల లోపలికి చేరవలసిందే. నైసిన్‌కు మాత్రం ఈ.కోలి బాహ్యత్వచమే అడ్డు. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే ఆ అడ్డు ఎందుకు సడలుతుందో, అక్కడి మెగ్నీషియం అయాన్ల పాత్రతో కలిపి ఒకసారి రాసి చూసుకోండి.