నవంబర్ మంచులో ఏఎస్‌టీ 1: నా అనుభవం

పోయిన నవంబర్ చివర్లో ఏఎస్‌టీ 1 చేశాను. అవలాంచ్ స్కిల్స్ ట్రైనింగ్, అంటే మంచు చరియల నుంచి జాగ్రత్తపడటం నేర్పే శిక్షణ, మొదటి లెవెల్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కోస్ట్ మౌంటెన్స్‌లో స్కీ రిసార్ట్ హద్దు దాటి తిరగాలనుకునేవాళ్ళు ముందు చేసే కోర్సు ఇది, ఒక రోజు క్లాసు, ఒక రోజు కొండ మీద. కింద పొదలు కూడా ఇంకా మంచులో మునగలేదు, ఇప్పుడే చరియలు ఎందుకు విరుగుతాయిలే అనుకుంటూ వెళ్ళాను.

క్లాసులో మొదట, మంచు చరియల హెచ్చరికలు ఇచ్చే సంస్థ అవలాంచ్ కెనడా పేజీ తెరిచారు. ప్రమాదానికి లో నుంచి ఎక్స్‌ట్రీమ్ దాకా 5 స్థాయిలుంటాయి, కానీ ఆ రోజు మా ప్రాంతానికి ఏదీ లేదు, "నో రేటింగ్" అని ఉంది. నాకు హాయిగా అనిపించింది. దానర్థం ప్రమాదం లేదని కాదు, రేటింగ్ ఇవ్వడానికి సరిపడా సమాచారం ఇంకా రాలేదని ఇన్‌స్ట్రక్టర్ చెప్పేసరికి ఆ హాయి పోయింది.

సముద్రం పక్కనే ఉన్న కొండలు కదా, కింద స్క్వామిష్ ఊళ్ళో వాన పడుతుంటే పైన చెట్లు ఆగిపోయే ఎత్తులో అదే తుఫాను మీటరు మంచు పోసి ఉండొచ్చు, మధ్యలో కాస్త వేడెక్కితే అక్కడా వానే పడి, అది గడ్డకట్టి పెంకులాంటి పొరైపోతుంది, దాని మీద మళ్ళీ కొత్త మంచు. నైరుతి గాలి ఆ మంచునంతా ఈశాన్యం వైపు వాలులో పోగేస్తుంది. కింద బండలూ మొద్దులూ మంచును పట్టి ఉంచుతాయి, పైన నున్నటి రాతి మీదా హిమానీనదాల మీదా ఆ పట్టు లేదు. అంటే స్కీయింగ్‌కి సరిపడా మంచు ఉన్న చోటే జారిపోవడానికి సరిపడా మంచు కూడా ఉంది! పైగా పలచటి మంచులో చిన్న చరియ ఈడ్చుకెళ్ళినా రాళ్ళకు కొట్టుకుంటాం.

రెండో రోజు ట్రాన్స్‌సీవర్‌తో, అంటే మంచులో కూరుకుపోయినవాళ్ళను సిగ్నల్ పట్టి వెతికే పరికరంతో, మంచులో పాతిపెట్టిన బ్యాగు వెతకాలి, దాని లోపల సిగ్నల్ పంపే ఇంకో ట్రాన్స్‌సీవర్ ఉంటుంది. మొదటిసారి నాకు 8 నిమిషాలు పట్టింది, చేతులు వణికాయి. కప్పబడిన మనిషి బతికే అవకాశం 10 నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది, ఇక్కడి మంచు తడిగా, బరువుగా ఉంటుంది కాబట్టి ఊపిరి ఇంకా త్వరగా ఆగుతుంది. ఛాతీ జేబులో ఫోన్ ఉండటం వల్ల సిగ్నల్ గందరగోళమైందట, వెతికేటప్పుడు ఎలక్ట్రానిక్స్ కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫోన్ తీసేశాక 4 నిమిషాల్లో దొరికింది. కానీ నిజమైన కష్టం తవ్వడం. నేరుగా పైనుంచి కాదు, ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ) తగిలిన చోటికి కొంచెం కిందనుంచి వాలులోకి తవ్వుకుంటూ వెళ్ళాలి. ఇద్దరం వంతులవారీగా తవ్వినా ఆయాసం ఆగలేదు, దీన్ని ఇంట్లో వీడియో చూసి నేర్చుకోలేం.

చివర్లో మంచు పొరలు ఎంత గట్టిగా అంటుకుని ఉన్నాయో చూడటానికి గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల చదరపు స్తంభం కోసి, మీద పార పెట్టి తట్టాం. మణికట్టుతో 10సార్లు, ఏమీ కాలేదు. మోచేతి నుంచి రెండో దెబ్బకే పై భాగమంతా ఆ వాన పెంకు మీద నున్నగా జారి నా మోకాళ్ళ మీద పడింది. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. పై వాలు 35 డిగ్రీలుంది, చరియ విరిగేంత ఏటవాలు, మేం చెట్ల మధ్య నుంచే దిగిపోయాం.

ఆ సాయంత్రం తడి బూట్లతోనే కారులో కూర్చుని, గొయ్యి ఫోటో, ఎత్తు, వాలు దిశ, ఎన్నో దెబ్బకు జారిందో అన్నీ మౌంటెన్ ఇన్ఫర్మేషన్ నెట్‌వర్క్‌లో పెట్టాను, కొండల్లో తిరిగేవాళ్ళు తాము చూసింది అవలాంచ్ కెనడాకు పంపే చోటు అది. ఆ వారం ఆ లోయ నుంచి అంతకుముందు ఒక్క రిపోర్టూ లేదు.